పావిలాండ్ గుహకు వెళ్లాలంటే: పోటు, పాటు లెక్క నుంచి తిరుగు దారి దాకా

వేల్స్‌లోని గౌవర్ తీరానికి వెళ్లే తెలుగువాళ్లు ఎక్కువగా అడిగేది రొసిలి బీచ్ గురించి. ఆ తర్వాత అడిగేది, "ఎర్ర అస్థిపంజరం దొరికిన గుహ అక్కడెక్కడో ఉందట కదా, ఎలా వెళ్లాలి?" అని. ఆ గుహే పావిలాండ్. దాని అసలు పేరు గోట్స్ హోల్. పోర్ట్ ఐనన్, రొసిలి ఊళ్ల మధ్య సున్నపురాయి కొండ అంచున, సముద్రానికి ఎదురుగా ఉంటుంది.

బొర్రా, బెలూం గుహలు చూసినవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఇక్కడ టికెట్ కౌంటర్, లైట్లు, మెట్లు, గైడ్ ఏవీ ఉండవు. తలుపు తీసేదీ మూసేదీ సముద్రమే. అందుకే ఈ గైడ్‌లో సగం నీళ్ల లెక్కే (పోటు అంటే సముద్రం పైకి రావడం, పాటు అంటే వెనక్కి పోవడం). ఆ భాగం బోర్ కొట్టినా వదలకండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఎవరు వెళ్లాలి?

కొండ మీది కాలిబాట వరకు మామూలుగా నడవగలిగే ఎవరైనా రావచ్చు. అక్కడి నుంచి గుహ దాకా కథ వేరు. పాచి పట్టిన బండలు, పదునైన సున్నపురాయి, చేతులు ఆనించి ఎక్కాల్సిన చోట్లు ఉంటాయి. చివర్లో గుహ నోటి దాకా వాలుగా ఉన్న రాతి ఎక్కుడు ఉంటుంది. ఎక్కడం కంటే దిగడం కష్టం.

నా సలహా సూటిగా చెప్తాను. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు కొండ మీదే ఆగిపోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి చూపించాలని ఉంటే 8వ భాగం చూడండి, వాళ్ల కోసమే రాశాను.

ఒంటరిగా వెళ్లొద్దు. ముగ్గురుంటే మంచిది. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండొచ్చు, ఇంకొకరు సాయం కోసం పైకి వెళ్లొచ్చు.

2. తేదీ ఎంచుకోవడం: పంచాంగం కూడా పనికొస్తుంది

చాలామంది ముందు సెలవు రోజు చూసుకుని, తర్వాత నీళ్ల టైం చూస్తారు. ఇక్కడ తిరగేసి చేయాలి.

విశాఖ తీరంలో పోటుకీ పాటుకీ మధ్య తేడా మహా అయితే ఒకటిన్నర, రెండు మీటర్లు. గౌవర్ తీరం ఉన్న బ్రిస్టల్ చానెల్‌లో పోటు, పాటు తేడా ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. గౌవర్ పక్కనున్న స్వాన్సీ నగరం దగ్గర పెద్ద పోటు రోజుల్లో అది 8 మీటర్లు దాటుతుంది. రెండంతస్తుల ఇల్లు మునిగేంత నీళ్లు సుమారు ఆరు గంటల్లో వస్తాయి, మళ్లీ ఆరు గంటల్లో పోతాయి.

పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకి వస్తాయి. మన లెక్కలో పాడ్యమి, విదియ అనుకోండి. ఆ రోజుల్లో పోటు ఎంత పైకొస్తుందో, పాటు అంత కిందికి దిగుతుంది. అష్టమి దాటాక వచ్చే చిన్న పోట్ల రోజుల్లో నీళ్లు పూర్తిగా వెనక్కి పోవు. పాటు సమయంలో కూడా మట్టం దాదాపు 3 మీటర్ల దగ్గర ఆగిపోవచ్చు. అలాంటి రోజు వెళ్తే బండల దారి తెరుచుకోకుండానే వెనక్కి రావాల్సి వస్తుంది.

ఈ తీరంలో ఇంకో వెసులుబాటు ఉంది. పెద్ద పోట్ల రోజుల్లో పాటు సమయం ఎప్పుడూ మధ్యాహ్నం అటూ ఇటూగా పడుతుంది. అంటే నీళ్లు బాగా వెనక్కి పోయే రోజు, పట్టపగలు వెలుగు ఉన్న గంట, రెండూ కలిసొస్తాయి. చిన్న పోట్ల రోజుల్లో పాటు తెల్లవారు జామునో సాయంత్రమో వస్తుంది. కాబట్టి క్యాలెండర్‌లో ముందు పాడ్యమి, విదియలు గుర్తు పెట్టుకుని, వాటిలో వీకెండ్ ఎప్పుడు పడుతుందో చూడండి.

పంచాంగం రోజు ఎంచుకోవడానికి మాత్రమే. గంటా నిమిషాలు టైడ్ టేబుల్‌లోనే, అంటే పోటు, పాటు వేళల పట్టికలోనే చూడాలి. మంబుల్స్ లేదా స్వాన్సీ టేబుల్ తీసుకోండి. పాటు మట్టం 1.5 మీటర్ల లోపు ఉన్న రోజునే నేను లెక్కలోకి తీసుకుంటాను.

తేదీ ఖాయం చేసే ముందు చూసుకోవాల్సినవి:

- పాటు సమయం పగటి పూట, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు ఉందా?
- టేబుల్‌లోని టైం జీఎంటీయా, సమ్మర్ టైమా? మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా గడియారం ఒక గంట ముందుంటుంది. కొన్ని టేబుళ్లు ఆ గంట కలపవు.
- నైరుతి గాలి గట్టిగా వీస్తోందా? అలలు ఎత్తుగా ఉన్నాయా?
- ముందు రెండు మూడు రోజుల్లో తుఫాను వచ్చిందా? గాలి తగ్గినా అలల ఊపు వెంటనే తగ్గదు.
- వాన పడిందా? తడిసిన సున్నపురాయి మీద మంచి బూటు కూడా జారుతుంది.

వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా వాయిదా వేయండి. మే నుంచి సెప్టెంబర్ మధ్య అన్నీ కుదిరే అవకాశం ఎక్కువ.

3. నీళ్లు ఎంత వేగంగా వస్తాయి: ఒక్కసారి లెక్క వేసి చూడండి

పాటు తర్వాత ఆరు గంటలున్నాయి కదా, మూడు గంటల దాకా ఫర్వాలేదు అనుకోవడం ఇక్కడ జరిగే అతి పెద్ద పొరపాటు. నీళ్లు ఒకే వేగంతో పెరగవు. నావికులు వాడే పన్నెండో వంతు లెక్క ఇలా ఉంటుంది: మొత్తం తేడాని 12 వంతులు చేస్తే, మొదటి గంటలో 1 వంతు పెరుగుతుంది, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1.

ఉదాహరణకి పాటు మధ్యాహ్నం 1:10కి, మట్టం 0.9 మీటర్లు అనుకుందాం. తర్వాతి పోటు మట్టం 9.3 మీటర్లు. తేడా 8.4 మీటర్లు, అందులో పన్నెండో వంతు 0.7 మీటర్లు.

- 2:10కి: 0.7 మీటర్లు పెరిగింది. ఏమీ కానట్టే కనిపిస్తుంది.
- 3:10కి: 2.1 మీటర్లు. మనిషి ఎత్తు దాటింది.
- 4:10కి: 4.2 మీటర్లు.
- 5:10కి: 6.3 మీటర్లు.

మొదటి గంట నింపాదిగా ఉంటుంది. చాలామంది దాన్ని చూసే ధీమా పడతారు. మూడో గంటలో రెండు మీటర్ల పైన పెరుగుతుంది. పైగా ఇది నిలకడ నీటి లెక్క, అలల ఎత్తు దీనికి అదనం. గుండ్రటి బండల మధ్య పల్లాలు ముందే నిండిపోతాయి కాబట్టి, మీరు నిలబడ్డ చోటు పొడిగా ఉన్నా వెనక దారి తెగిపోయి ఉండొచ్చు.

అందుకే నియమం ఒక్కటే పెట్టుకోండి. నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు లోపలికి, పాటు సమయానికల్లా బయటికి. పై ఉదాహరణలో 1:10కి గుహ దిగడం మొదలుపెట్టాలి. ఎంత ఆలస్యమైనా 1:40 దాటకూడదు. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టండి. అందరి ఫోన్లలోనూ పెట్టండి.

4. సరంజామా

ముఖ్యమైనది చెప్పులు కాదు, బూట్లు. చీలమండ పట్టి ఉంచే, అడుగున గట్టి పట్టున్న వాకింగ్ బూట్లు కావాలి. జిమ్ షూస్‌తో బండల మీద నడవడం మీద ఆశ పెట్టుకోకండి.

- పని గ్లౌజులు: బండల మీది గుల్లలు చేతులు కోస్తాయి
- తలకి కట్టుకునే టార్చ్, ఇంకో టార్చ్ స్పేర్‌గా
- హెల్మెట్: కొండ మీది నుంచి చిన్న రాళ్లు రాలుతుంటాయి
- గాలి ఆపే జాకెట్, ఎండాకాలంలో కూడా
- పొడవు ప్యాంటు: గడ్డిలో, ఫెర్న్ పొదల్లో టిక్స్ అనే పిడుదు పురుగులుంటాయి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర వెతుక్కోవాలి
- ఆర్డ్నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 164 మ్యాప్, గౌవర్‌ది. సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా ఫోన్‌లో కూడా డౌన్‌లోడ్ చేసుకోండి
- విజిల్, ఫస్ట్ ఎయిడ్, పవర్ బ్యాంక్
- మంచినీళ్లు, తిండి. దారిలో ఏదీ దొరకదు. పులిహోర డబ్బా పర్లేదు, కానీ కొండ మీద తినండి. గుహలో టైం తిండికి ఖర్చు పెట్టేంత లేదు

అన్నీ వీపు బ్యాగులోనే ఉండాలి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. సెల్ఫీ స్టిక్ కారులోనే వదిలేయండి.

5. బయల్దేరే ముందు ఫోన్ పనులు

కొండ కింద సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం. యూకేలో అత్యవసర నంబరైన 999కి మెసేజ్ పంపే సదుపాయం ఉంది, కానీ ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. 'రిజిస్టర్' అనే పదాన్ని ఇంగ్లిష్‌లో టైప్ చేసి 999కి మెసేజ్ పంపితే, ఎలా పూర్తి చేయాలో జవాబు వస్తుంది. ఇంటి దగ్గరే చేసుకోండి.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా పైకొచ్చి ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ టైం దాటితే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ అడగమని కూడా చెప్పండి. "టెన్షన్ పడతారు" అని చెప్పకుండా వెళ్లడం మనవాళ్లకి అలవాటు. ఇక్కడ అది మానుకోవాలి.

ఒక కాగితం మీద ఇది రాసి జేబులో పెట్టుకోండి: పావిలాండ్, గోట్స్ హోల్ గుహ, పోర్ట్ ఐనన్, రొసిలి మధ్య, గ్రిడ్ నంబర్ ఎస్ఎస్ 437 858.

6. దారి, వరుసగా

లండన్ నుంచైతే పాడింగ్టన్ స్టేషన్‌లో స్వాన్సీ రైలు ఎక్కాలి, సుమారు మూడు గంటలు. కార్డిఫ్ నుంచి గంట. స్వాన్సీ నుంచి కారైతే ఏ4118 రోడ్డులో స్కర్లేజ్ దాకా, అక్కడ కుడికి తిరిగి రొసిలి వైపు బీ4247 రోడ్డు. రొసిలి వైపు బస్సులున్నాయి, కానీ వాటి వేళలు నీళ్ల వేళలతో కలవాలి. తిరుగు బస్సు టైం ముందే చూసుకోండి.

6.1. పిల్టన్ గ్రీన్. నడక ఇక్కడ మొదలవుతుంది. రోడ్డు పక్కన కొద్ది కార్లకే చోటుంది. పొలం గేట్లకు అడ్డంగా ఆపొద్దు, ట్రాక్టర్లు వెళ్లాలి. చోటు లేకపోతే రొసిలిలో నేషనల్ ట్రస్ట్ కార్ పార్క్ ఉంది. కానీ అక్కడి నుంచి తీరం బాటలో నడక చాలా పెరుగుతుంది, ఆ టైం కలుపుకోవాలి.

6.2. పొలాల బాట. రోడ్డు దాటి, కాలిబాట గుర్తు ఉన్న చోట సముద్రం వైపు నడవండి. సుమారు కిలోమీటరున్నర. తెరిచిన గేటు మూసేయండి. ఆవులుంటే దూరంగా చుట్టి వెళ్లండి, దూడలున్న ఆవుల దగ్గరికి అసలు పోవద్దు.

6.3. ఫాక్స్‌హోల్ స్లేడ్. పొలాలు అయిపోయాక ఒక ఇరుకు ఎండు లోయ సముద్రం వైపు దిగుతుంది. వేల్స్ కోస్ట్ పాత్ ఇక్కడే అడ్డంగా పోతుంది. పాటు సమయానికి గంటన్నర ముందు లోయ అడుగుకి చేరేలా చూసుకోండి.

లోయ పక్కన రాతిలో ఇంకో చిన్న గుహ కనిపిస్తుంది. అది ఫాక్స్‌హోల్ గుహ. చాలామంది ఇదే పావిలాండ్ అనుకుని ఫొటోలు దిగి వెనక్కి పోతారు. మీరు వెతికేది ఇది కాదు.

6.4. ఆగి చూడండి. లోయ అడుగున పది నిమిషాలు నిలబడి నీళ్లను గమనించండి. ఏదో ఒక బండని గుర్తు పెట్టుకోండి. అల ఆ బండని తాకడం మానేసిందా? కుడి వైపు తిరిగే మూల దగ్గర దారి పూర్తిగా బయటపడిందా? ఒక్క అలైనా ఆ దారి మీదకి వస్తుంటే ఆగండి. ఇంకా వస్తూనే ఉంటే ఆ రోజుకి వదిలేయండి.

6.5. బండల దారి. సముద్రానికి ఎదురుగా నిలబడితే గుహ కుడి పక్కన, పడమటి వైపు ఉంటుంది. పైనున్న కొండని ఎల్లో టాప్ అంటారు, పసుపు రంగు పాచి వల్ల. నల్లగా, పచ్చగా మెరిసే బండ జారుతుంది. గరుకుగా, బూడిద రంగులో, గుల్లలతో ఉన్న బండ పట్టు ఇస్తుంది. అడుగు వేసే ముందు ఆ తేడా చూడండి. దూకొద్దు. చెయ్యి ఆనించే చోటు దొరికాకే కాలు కదపండి.

6.6. గుహ నోటికి ఎక్కడం. నీటి చుక్క ఆకారంలో పొడవైన నోరు కనిపిస్తుంది. దాని కిందే వాలు రాయి. ఒకరి తర్వాత ఒకరు ఎక్కండి. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు సరిగ్గా కింద నిలబడొద్దు. ఎక్కేటప్పుడే ప్రతి నాలుగైదు అడుగులకీ వెనక్కి చూసి, ఇక్కడ దిగగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. లేదనిపిస్తే అక్కడితో ఆపేయండి.

కొందరు పైనుంచి, కొండ వాలు మీదుగా వెళ్లే అడ్డదారి ఉందని చెప్తారు. కొండలెక్కే అనుభవం, తాళ్లు ఉన్నవాళ్ల మాట వేరు. మిగతావాళ్లు ఆ మాట విననట్టే ఉండండి.

7. లోపల: ఏం చూడాలి, ఏం చేయకూడదు

గుహ పెద్దదేం కాదు. లోపల ఎముకలు, బోర్డులు ఏమీ ఉండవు. తెలియకుండా వెళ్తే "ఇంతేనా" అనిపిస్తుంది. కాబట్టి ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకుని వెళ్లండి.

1823 జనవరిలో విలియం బక్లాండ్ అనే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఇక్కడ తల ఎముక లేని అస్థిపంజరాన్ని తవ్వి తీశారు. ఎముకలకి ఎర్రమట్టి రంగు పట్టి ఉంది. పక్కన దంతపు కడ్డీలు, రంధ్రాలు చేసిన చిన్న గవ్వలు ఉన్నాయి. ఆయన రోమన్ల కాలపు స్త్రీ అనుకున్నారు. నిజానికి అది ఒక యువకుడిది, ఆ ఎముకల వయసు సుమారు 33,000 ఏళ్లు. అప్పుడు సముద్రం ఇక్కడ లేదు, వంద కిలోమీటర్ల అవతల ఉండేది. గుహ నోట్లో నిలబడి బయటికి చూసినప్పుడు, ఆ నీళ్ల స్థానంలో గడ్డి మైదానం ఊహించుకోండి. ఆ మనిషిని పాతిపెట్టినవాళ్లు చూసింది అదే.

నేలలోని మట్టి చాలావరకు పాత తవ్వకాల్లోనే పోయింది. మిగిలిన కాస్త విలువైనది అందుకే.

- తవ్వొద్దు, రాయి గీకొద్దు, చెకుముకి ముక్క కనిపించినా జేబులో వేసుకోవద్దు
- గోడల మీద పేర్లు రాయొద్దు
- అగరొత్తి, కర్పూరం, దీపం, కుంకుమ వద్దు. భక్తితో పెట్టినా మసి, రంగు రాతికి పట్టేస్తాయి
- మంట వేయొద్దు, చెత్త వదలొద్దు

"పాతిపెట్టిన చోటు కదా, మైల అంటుతుందా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడగడం మామూలే. ఆ ఎముకలు ఇప్పుడు అక్కడ లేవని చెప్పండి, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ దగ్గర ఉన్నాయి. అయినా మనసు ఒప్పకపోతే ఇంటికొచ్చి తలస్నానం చేస్తే సరి. ఎలాగూ ఉప్పు, బురద పట్టి ఉంటారు.

అలారం మోగగానే దిగడం మొదలుపెట్టండి. "ఇంకొక్క ఫొటో" అనే మాట ఇక్కడ పనికిరాదు.

8. పిల్లలు, పెద్దవాళ్లతో వస్తే

గుహ దాకా వెళ్లకుండానే రోజంతా బాగా గడపొచ్చు. స్లేడ్ పైభాగం నుంచి కోస్ట్ పాత్ మీద కొంచెం నడిచినా కొండలు, సముద్రం కనిపిస్తాయి. అంచుకి దూరంగా ఉండాలి, కంచె ఉండదు.

నేనైతే వాళ్లని పార్క్‌మిల్ తీసుకెళ్తాను. అక్కడ పార్క్ లే బ్రెయోస్ అనే చదునైన లోయలో, దాదాపు నలభై మంది ఎముకలు దొరికిన కొత్తరాతియుగపు రాతి సమాధి ఉంది. ఇంకొంచెం ముందుకి నడిస్తే క్యాట్‌హోల్ అనే సున్నపురాయి గుహ. సముద్రం గొడవ లేదు, టైడ్ టేబుల్ అక్కర్లేదు. గుహకి చిన్న ఎక్కుడు మాత్రం ఉంటుంది. పాటు సమయం కుదరని రోజుకి ప్లాన్ బీ కూడా ఇదే.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి విరుగుడు

దారి మధ్యలో భయం వేసింది. కూర్చోండి. నిలబడి వణకడం కంటే కూర్చుని జరగడం మేలు. ఒకరు ముందు, ఒకరు వెనక ఉండి వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లండి.

కాలు మడత పడింది. బూటు విప్పొద్దు, వాపు వస్తే మళ్లీ తొడగలేరు. పాటుకి ముందే జరిగితే నెమ్మదిగా వెనక్కి కదలండి. పాటు దాటాక జరిగి, మనిషి నడవలేకపోతే, "కాసేపు చూద్దాం" అనుకోకుండా వెంటనే 999.

వెనక దారి నీళ్లలో మునిగిపోయింది. ఈదొద్దు. కొండ ఎక్కే ప్రయత్నం చేయొద్దు. ప్రమాదాలు ముదిరేది ఈ రెండింటితోనే. గుహలోనో, అందుబాటులో ఉన్న ఎత్తైన చోటో చేరి, అలలకి దూరంగా వెనక్కి జరిగి కూర్చోండి. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పి, జేబులోని కాగితం చదవండి. మీ నెట్‌వర్క్ లేకపోయినా ప్రయత్నించండి, ఎమర్జెన్సీ కాల్ వేరే కంపెనీ సిగ్నల్ మీద కూడా వెళ్తుంది. ఫోన్ కలవకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊదండి, ఒక నిమిషం ఆగండి, మళ్లీ ఊదండి. చీకటి పడితే టార్చ్‌తో అలాగే. లైఫ్‌బోట్ స్టేషన్ పోర్ట్ ఐనన్ పక్కనే ఉంది. సాయానికి డబ్బు అడగరు, కాబట్టి మొహమాటంతో ఆలస్యం చేయొద్దు.

పొగమంచు కమ్ముకుంది. బండల మీదికి దిగకముందైతే వెనక్కి వచ్చేయండి. దిగాక కమ్మితే కొండ పాదాన్ని ఎడమ చేతి వైపు ఉంచుకుని స్లేడ్ దాకా రండి, నీళ్లు కుడి వైపు ఉండాలి.

అంతా కుదిరింది, కానీ వేరేవాళ్లు అప్పుడే లోపలికి వెళ్తున్నారు. పాటు టైం దాటిపోయిందని చెప్పండి. వినకపోతే, మీరు పైకొచ్చాక వాళ్లు కాసేపట్లో బయటపడ్డారో లేదో కొండ మీది నుంచి చూడండి. బయటపడకపోతే కోస్ట్‌గార్డ్‌కి చెప్పడం తప్పేం కాదు.

10. పైకొచ్చాక

ఇంట్లో చెప్పిన మనిషికి ముందు ఫోన్ చేయండి. మర్చిపోతే మీకోసం లైఫ్‌బోట్ బయల్దేరుతుంది. తర్వాత టిక్స్ చూసుకోండి. కరిచి పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి, నూనె రాయడం, కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో ఆ చుట్టూ ఎర్రటి వలయం కనిపిస్తే జీపీకి, అంటే మీ లోకల్ డాక్టర్‌కి చూపించండి.

గుహలో దొరికిన వస్తువులు చూడాలనుంటే స్వాన్సీ మ్యూజియం, కార్డిఫ్‌లోని నేషనల్ మ్యూజియం ఉన్నాయి. అస్థిపంజరం కోసం ఆక్స్‌ఫర్డ్ వెళ్లాలి, అక్కడ ప్రవేశం ఉచితం. ఏది ప్రదర్శనలో ఉందో ముందు రోజు అడిగి వెళ్లండి.